నిన్న 24, ఈరోజు 20: అంకె ఊగినప్పుడల్లా అరిచే మేనేజర్‌కి అర్థమయ్యేలా చూపించడం ఎలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు రైస్‌మిల్లు సూపర్‌వైజర్లు, రొయ్యల ప్లాంట్లలో క్వాలిటీ చూసే పిల్లలు, పాల కేంద్రాల్లో లెక్కలు రాసేవాళ్ళు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "మా సార్ పొద్దున్నే రిజిస్టర్ తెరుస్తాడు. అంకె నిన్నటికన్నా బాగోకపోతే ఎందుకో రాసివ్వమంటాడు. నిజానికి ఏమీ జరగలేదు. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలి?"

నోటితో చెబితే సాకులా వినిపిస్తుంది. గీసి చూపిస్తే వింటాడు. గీయడానికి ఒక సాయంత్రం పడుతుంది, చూపించడానికి ముప్పావుగంట చాలు.

మూడు మాటలు ముందే అనుకుందాం. ఏ ప్రత్యేక కారణమూ లేకుండా అంకె రోజూ పెరిగి తగ్గడాన్ని 'అటూఇటూ' అందాం. నిజంగా ఏదో మారిందని అంకె చెప్పడాన్ని 'కబురు' అందాం. మామూలు అటూఇటూ ఎంతవరకు పోవచ్చో చూపే రెండు గీతలను 'గట్లు' అందాం. పెన్నలో నీళ్ళు రోజూ ఒకే మట్టంలో ఉండవు, గట్ల మధ్య ఉన్నంతసేపు ఎవరూ పరిగెత్తరు కదా. సిద్ధాంతం ఇంతే. 1924లో వాల్టర్ షూహార్ట్ అనే ఇంజనీరు అమెరికాలో టెలిఫోన్ సామాన్లు చేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉంటూ ఇలాంటి బొమ్మను ఒక్క పేజీ నోట్‌లో గీసి తన పైఅధికారికి ఇచ్చాడు. అంటే ఈ పద్ధతి పుట్టిందే మేనేజర్‌కి చూపించడానికి.

కావలసినవి

- తేదీ వరుసలో కనీసం 12 రోజుల అంకెలు (20 ఉంటే మేలు)
- గ్రాఫ్ కాగితం, స్కేలు, రెండు రంగుల పెన్నులు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్. ఎక్సెల్ వస్తే సరే, రాకపోయినా నష్టం లేదు
- టీగ్లాసుతో నాలుగు గ్లాసుల తెల్ల అలసందలు, ఒక గ్లాసు ఎర్ర అలసందలు, మూత ఉన్న డబ్బా (ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను)
- మేనేజర్ ఒక్కరే తీరిగ్గా దొరికే సమయం. నెలాఖరు వద్దు, సరుకు లోడయ్యే రోజు అసలే వద్దు

1. ఒక్క అంకె ఎంచుకోండి

పది అంకెలతో మొదలుపెడితే ఒక్కటీ పూర్తికాదు. మీ సార్ ఎక్కువగా అరిచే అంకెనే తీసుకోండి. ఇక్కడ రైస్‌మిల్లు ఉదాహరణ చెబుతాను: రోజు చివర తీసిన శాంపిల్‌లో వంద కిలోల బియ్యానికి నూక ఎన్ని కిలోలు. కింది అంకెలు లెక్క సులువుగా తేలడానికి నేను వేసుకున్నవి. మీరు మీ రిజిస్టర్‌లోవి పెట్టుకోండి.

జాగ్రత్త: రోజూ ఒకేలా కొలిచిన అంకె అయి ఉండాలి. ఒకరోజు పాలిషర్ దగ్గర, ఇంకోరోజు బస్తాలోంచి శాంపిల్ తీస్తే మీరు గీసేది నూక బొమ్మ కాదు, శాంపిల్ తీసే చేతుల బొమ్మ.

2. తేదీ వరుసలో రాయండి

18, 22, 20, 16, 21, 24, 20, 18, 21, 21, 18, 21.

పెద్దది ముందు, చిన్నది తర్వాత అని సర్దకండి. వరుస చెడితే తర్వాతి లెక్కంతా చెడుతుంది. నచ్చని రోజును తీసేయకండి కూడా. "ఆ రోజు కరెంటు పోయింది, వదిలెయ్యి" అంటారు. వదలొద్దు, పక్కన చిన్నగా "కరెంటు లేదు" అని రాసి పెట్టుకోండి.

3. సగటు, తేడాలు

మొత్తం కూడితే 240. పన్నెండుతో భాగిస్తే సగటు 20.

ఇప్పుడు నిన్నటికీ ఈరోజుకీ తేడా రాయండి. ప్లస్సో మైనస్సో చూడక్కర్లేదు, ఎంత తేడా అన్నదే కావాలి: 4, 2, 4, 5, 3, 4, 2, 3, 0, 3, 3. అంకెలు పన్నెండైతే తేడాలు పదకొండే వస్తాయి. పన్నెండు వచ్చాయంటే ఎక్కడో తప్పారు. తేడాల మొత్తం 33, సగటు తేడా 3.

4. గట్లు కట్టండి

సగటు తేడాను 2.66తో గుణించండి. 3 × 2.66 = 7.98, అంటే దాదాపు 8.

పై గట్టు 20 + 8 = 28. కింది గట్టు 20 − 8 = 12.

2.66 ఎక్కడిదని సార్ అడిగితే "ఇది అన్నిచోట్లా వాడే స్థిరసంఖ్య సార్" అనండి, అక్కడితో ఆపండి. నేను ఒకసారి బోర్డు మీద దాని పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టాను. ఐదు నిమిషాల్లో ఆయన ఫోన్ తీశాడు, ఆ రోజుకి అంతే.

కింది గట్టు సున్నా కన్నా కిందకి పోతే, మీ అంకె మైనస్ అయ్యేది కాకపోతే, కింది గట్టు లేనట్టే లెక్క. తేడాలకూ ఒక గట్టు ఉంది: సగటు తేడాను 3.27తో గుణించాలి. మనకు 9.8 వచ్చింది. ఒక్కరోజులో అంతకు మించి ఎగిరినా, పడినా అది కబురే.

పాత అంకెల్లో ఒకటి మరీ వింతగా ఉండి సగటు తేడాను లాగేస్తుంటే ఇంకో దారి ఉంది. తేడాలను చిన్న నుంచి పెద్దకు పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తీసుకుని 3.145తో గుణించండి.

5. గీయండి, కబురు కోసం చూడండి

అడ్డంగా తేదీలు, నిలువుగా నూక. చుక్కలు పెట్టి కలపండి. సగటు దగ్గర ఒక గీత, గట్ల దగ్గర వేరే రంగులో రెండు గీతలు. టార్గెట్ గీత ఇప్పుడే గీయకండి. అది కనిపించగానే సార్ చూపు మిగతావేవీ చూడదు.

తేడాల గట్టు సంగతి పైన చెప్పాను. అది కాక చుక్కల్లో కబురు అనుకోవాల్సినవి మూడే:

- ఒక్క చుక్కయినా గట్టు దాటితే
- వరుసగా ఎనిమిది చుక్కలు సగటుకు ఒకే వైపు ఉంటే (రూపాయి బిళ్ళ ఎనిమిదిసార్లు ఎగరేస్తే ఎనిమిదీ బొమ్మే పడటం 256లో ఒక్కసారి జరిగే పని)
- వరుసగా నాలుగు చుక్కల్లో మూడు, సగటు కన్నా ఒకే గట్టుకు దగ్గరగా ఉంటే

మన పన్నెండు రోజుల్లో ఇవేవీ లేవు. ఆరో రోజు 24 కూడా గట్ల లోపలే ఉంది. అంటే ఆ ఒక్కరోజుకని ప్రత్యేకంగా కారణం వెతకడం దండగ. వెతికితే దొరకదని కాదు, తప్పకుండా దొరుకుతుంది! అదే ప్రమాదం. "వడ్లు తడిగా ఉన్నాయి సార్", "కొత్త హమాలీ సార్" అంటూ ఏదో ఒకటి రాసిస్తారు. 18 వచ్చిన రోజున కూడా వడ్లు అలాగే ఉన్నాయి, ఎవరూ అడగలేదు.

6. అలసందల ఆట

బొమ్మ చూపించే ముందు ఈ ఆట ఆడించండి. డెమింగ్ అనే అమెరికా స్టాటిస్టిక్స్ నిపుణుడు మేనేజర్ల ముందు ఎర్రపూసలు, తెల్లపూసలతో ఆడించేవాడు. మనకు పూసలెందుకు, అంగట్లో అలసందలుండగా.

రెండు రంగులూ డబ్బాలో పోసి బాగా కలపండి. తెల్లవి మంచి బియ్యం, ఎర్రవి నూక. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని 50 గింజలు తీయాలి, ఎర్రవి ఎన్నో లెక్కపెట్టి రాయాలి, గింజలు తిరిగి డబ్బాలో వేసి కలపాలి. నలుగురు ఐదేసిసార్లు తీస్తే 20 అంకెలొస్తాయి. ఆ నలుగురిలో మేనేజర్ గారు తప్పనిసరిగా ఉండాలి. ఎదురుగా కూర్చుని చూస్తే ఆయనకు పట్టదు, తన పేరు పక్కన 15 పడితే పడుతుంది.

ప్రతి రౌండ్‌కీ ఎర్రవి తక్కువ తీసినవాళ్ళకు చప్పట్లు కొట్టించండి. ఎక్కువ తీసినవాళ్ళను "ఏందయ్యా ఇది, జాగ్రత్తగా తీయలేవా" అని సరదాగా కసరండి. మూడో రౌండ్‌కల్లా నవ్వులు మొదలవుతాయి. చప్పట్లు కొట్టించుకున్నవాడికి తర్వాత 13 వస్తుంది, తిట్లు తిన్నవాడికి 8 వస్తుంది.

డబ్బాలో అయిదో వంతు ఎర్రవి కాబట్టి సగటున పది వస్తాయి, ఎక్కువసార్లు 4కూ 16కూ మధ్య పడతాయి. అరుదుగా 2 గానీ 18 గానీ కూడా రావచ్చు. ఇక్కడ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి: "సార్, ఎర్రవి తగ్గాలంటే ఏం చేయాలి?" "డబ్బాలోనే ఎర్రవి తీసెయ్యాలి" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వాళ్ళ నోటే రానివ్వండి.

చాలామంది చేసే తప్పు: ఎర్ర అలసందలు దొరకలేదని శనగల్లో కందులు కలపడం. సైజు తేడా ఉంటే చిన్నవి అడుక్కు దిగిపోతాయి, ఆట చెడుతుంది. అలసందలు దొరక్కపోతే శనగల్లోనే అయిదో వంతుకు రంగు పూసి ఆరబెట్టుకోండి.

7. ఇప్పుడు బొమ్మ చూపించండి

మీరు చెప్పకండి, ఆయన్నే చదవనివ్వండి. ముందు నాలుగో రోజు మీద వేలు పెట్టండి. ఆ రోజు నూక 16. ఆపరేటర్‌ని మెచ్చుకుని ఉంటారు. తర్వాత 21, ఆ తర్వాత 24. "పొగిడితే నెత్తికెక్కింది" అనిపిస్తుంది. ఆరో రోజు 24కి అరిచి ఉంటారు. తర్వాత 20, ఆ తర్వాత 18. "అరిస్తేగానీ దారికి రారు" అనిపిస్తుంది.

నిజానికి సగటుకు చాలా దూరం పోయిన అంకె తర్వాత వచ్చేది ఎక్కువసార్లు సగటుకు దగ్గరగానే ఉంటుంది. తిట్టినా, పొగిడినా, టీ తాగి ఊరుకున్నా అంతే. తిట్లు పనిచేస్తాయన్న నమ్మకం మేనేజర్లలో ఇంత గట్టిగా ఉండటానికి నా లెక్కలో సగం కారణం ఇదే. పాపం, ఆయన కళ్ళతో చూసిందే నమ్ముతున్నాడు.

కానీ "మీరు ఆ రోజు అరిచింది దండగ" అని మాత్రం అనకండి, ఆపరేటర్ల ముందు అసలే అనకండి. అలసందల ఆటలో ఆయనకు వచ్చిన అంకెలనే గుర్తుచేయండి, చాలు.

ఆ తర్వాత అసలు విషయం చూపించండి. పదమూడో రోజు నుంచి అంకెలు ఇలా వచ్చాయనుకుందాం: 19, 21, 23, 22, 21, 24, 22, 23, 22. ఒక్కటీ గట్టు దాటలేదు. ఒక్కటీ 24 మించలేదు కాబట్టి ఏ ఒక్కరోజూ పెద్ద గొడవ జరిగి ఉండదు. కానీ 19 తర్వాత వరుసగా ఎనిమిది చుక్కలు సగటు పైనే ఉన్నాయి. ఇది కబురు. వడ్ల పొట్టు తీసే షెల్లర్‌లో రబ్బరు రోల్స్ అరిగాయా? వడ్ల తేమ మారిందా? తేమ 14 శాతం దగ్గర ఉన్నప్పుడు ఆడిన బియ్యం నిలబడతాయి. మరీ ఎండినా, మరీ తడిగా ఉన్నా విరుగుతాయి. బీపీటీ రకం వడ్లు ఆడుతున్నచోట వేరే రకం కలిసిందా? ఇక్కడ వెతికితే మీ టైమ్ వృథా కాదు.

ఆరో రోజు 24కి మిల్లంతా దద్దరిల్లింది. ఈ ఎనిమిది రోజులు ఎవరికీ పట్టలేదు. ఈ రెంటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన చూడటం కోసమే ఇంత శ్రమ.

8. టార్గెట్ మాట వచ్చినప్పుడు

వస్తుంది. "గట్లూ గిట్లూ కాదు, కొనేవాడు 25 మించితే తీసుకోనంటున్నాడు" అంటారు. న్యాయమైన మాటే. ఇప్పుడు 25 దగ్గర మూడో రంగులో గీత గీయండి.

కొనేవాడి గీత ఆయన కోరిక. గట్లు మన మిల్లు చేయగలిగింది. మన పై గట్టు 28, ఆయన గీత 25. అంటే మిల్లు ఇప్పుడున్నట్టే ఉంటే ఏ తప్పూ జరగకుండానే అప్పుడప్పుడు ఒకరోజు 25 దాటుతుంది. ఆ రోజు ఆపరేటర్‌ని తిట్టడమంటే డబ్బాలో ఎర్రవి ఉంచి చేతిని తిట్టడమే. ఆరబెట్టే పద్ధతి, రోల్స్ మార్చే గడువు, తేమ చూడకుండా లారీ దింపుకోవడం లాంటివాటిలో ఏదో ఒకటి మారాలి. ఇవన్నీ మేనేజర్ చేతిలో పనులు, ఆపరేటర్ చేతిలోవి కావు. ఈ మాటకు కొంచెం ఇబ్బంది పడతారు. పడనివ్వండి.

మామూలుగా జరిగే తప్పులు

*ఎక్సెల్‌లో స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలన్నీ సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే లెక్క) నొక్కి గట్లు కట్టడం.* కాలేజీలో చదివినవాళ్ళు చేసే తప్పిది. మధ్యలో అంకె నిజంగా మారి ఉంటే ఆ మార్పు కూడా డీవియేషన్‌లో కలిసి గట్లు వెడల్పైపోతాయి, కబురు లోపలే దాక్కుంటుంది. రోజుకూ రోజుకూ ఉన్న తేడాలతోనే కట్టండి.

*ప్రతివారం గట్లు మార్చడం.* ఒకసారి కట్టాక వదిలేయండి. నిజంగా ఏదైనా మారినప్పుడే కొత్తవి.

*"అంతా అటూఇటూనే సార్" అని తప్పించుకోవడం.* ఇది మనవైపు తప్పు. గట్ల లోపల ఉంటే బాగున్నట్టు కాదు. సగటు 20 నూక అనేదే నష్టం కావచ్చు. ఒక్కరోజును నిలదీయొద్దన్నానే గానీ మొత్తాన్ని వదిలేయమనలేదు.

*పోయిన నెలతో ఈ నెల, పోయిన ఏడాది ఇదే నెలతో ఈ నెల.* రెండే అంకెలు పెట్టుకుంటే ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ కాక ఇంకేమవుతుంది? నెల్లూరులో హోటల్, లాడ్జి, ట్రావెల్స్ నడిపేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ మొహర్రంతో వస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో మొహర్రం పదో రోజు జూలై చివర పడింది, 2025లో జూలై మొదటి వారంలో. తర్వాత జూన్‌లోకి జరిగిపోతుంది. "జూలై వ్యాపారం పడిపోయింది" అని మేనేజర్‌ని పిలిచి కోప్పడితే తిట్టాల్సింది చంద్రుణ్ణి. ఆ రోజులకు బొమ్మ మీద గుర్తు పెట్టండి, గట్ల లెక్కలో కలపకండి.

*మనుషులకు ర్యాంకులు.* రొయ్యల షెడ్డులో పదిమంది పీలింగ్ చేస్తుంటే దాదాపు సగంమంది ఎప్పుడూ సగటు కిందే ఉంటారు, అది లెక్కల సంగతి. ఈ వారం చివర ఉన్నామె వచ్చేవారం పైకొస్తే మీరు పీకిన క్లాసు పనిచేసిందనుకోకండి. పైగా ఒకామెకు 30 కౌంట్ (కిలోకు 30 తూగే) రొయ్య, ఇంకొకామెకు 100 కౌంట్ రొయ్య ఇచ్చి కిలోలు పోల్చడం ఏం న్యాయం?

*అరుదుగా జరిగేవాటిని నెలనెలా లెక్కపెట్టడం.* చీమకుర్తి క్వారీల్లో ప్రమాదాల లెక్క 0, 0, 1, 0 అని రాసుకుంటే గీయడానికేమీ ఉండదు. ఒక ప్రమాదానికీ తర్వాతిదానికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయో రాసి, ఆ రోజులను గీయండి.

*ధరలకు ఇదే లెక్క వాడటం.* పొదలకూరు నిమ్మకాయ ధర ఎండాకాలం ఎక్కుతుందని అందరికీ తెలుసు. సీజన్‌తో కదిలే అంకెకు ఈ గట్లు ఉన్నవి ఉన్నట్టు పనిచేయవు, రోజూ తప్పుడు కబుర్లు చెబుతాయి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

గట్లు కట్టడానికి వాడిన చుక్కల్లో దాదాపు అన్నీ లోపలే ఉండాలి, సుమారు సగం సగటుకు పైన, సగం కింద. మూడునాలుగు బయట పడితే లెక్క తప్పయినా అయ్యుండాలి, రెండు రకాల వడ్లు కలిసిపోయినా అయ్యుండాలి. రకం వారీగా విడదీసి మళ్ళీ గీయండి. చుక్కలన్నీ సగటు గీతను అంటిపెట్టుకుని గట్ల వైపే పోకపోతే సంతోషించకండి. అంకెలు ఎవరో కూర్చుని రాస్తున్నారేమో చూడండి. నేను చూసిన ఒక రిజిస్టర్‌లో నెలంతా 20, 20, 21, 20. కొలిచే తక్కెడ రెండు వారాలుగా రిపేర్‌లో ఉంది!

మేనేజర్‌కి ఎక్కిందో లేదో తెలియడానికి వారం ఆగి, తేదీలు కనిపించకుండా కొత్త బొమ్మ ఒకటి ముందు పెట్టండి. "వీటిలో దేని గురించి అడుగుతారు సార్?" అనండి. ఎత్తుగా ఉన్న చుక్క మీద వేలు పెడితే మళ్ళీ అలసందల డబ్బా తీయాలి. "ఏదీ లేదు" అనో, వరుసగా ఎనిమిది ఉన్నచోటనో వేలు పెడితే ఎక్కినట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది: నెలలో "కారణం రాసివ్వు" అన్న కాగితాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకోండి. కావాలంటే వాటినీ గీయండి.

రోల్స్ మార్చారు, సగటు 18కి దిగింది, ఎనిమిది చుక్కలు వరుసగా పాత సగటు కింద పడ్డాయి అనుకోండి. అప్పుడు కొత్త గట్లు కట్టండి. ఎడగారు (రెండో పంట) వడ్లు రావడం మొదలైనా అంతే. పాత గట్లను చెరపకండి, అక్కడ నిలువుగా ఒక గీత గీసి ఏం మారిందో రాసి పక్కనే కొత్తవి మొదలుపెట్టండి. మళ్ళీ ఏడాది ఎడగారు వడ్లు దిగినప్పుడు మొదట తీసి చూసేది ఆ కాగితమే.